ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే': సమతా తీర్పు మనకు ఏం ఇచ్చింది?



సికింద్రాబాద్ హాస్టళ్లలో ఉండి చదువుకునే మనలో చాలామందిమి ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం. "మీ ఊళ్లో మేం జాగా కొనుక్కోవచ్చా?" అని ఇక్కడి ఫ్రెండ్స్ అడుగుతారు. "కుదరదు, వన్ ఆఫ్ సెవెంటీ ఉంది" అంటాం. మాట అక్కడితో ఆగిపోతుంది. కానీ దాని వెనక పెద్ద చరిత్ర ఉంది.

ఏజెన్సీలో గిరిజనుల భూమి షావుకార్ల చేతికి పోకుండా మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఒక చట్టం చేసింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1959 భూబదలాయింపు నిబంధనలు వచ్చాయి. 1963లో వాటిని తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. అయినా అప్పుల పేరుతో, దొంగ కాగితాలతో భూములు పోతూనే ఉన్నాయి. శ్రీకాకుళం గిరిజన పోరాటం నడుస్తున్న రోజుల్లో, 1970లో ఆ నిబంధనలను గట్టిగా సవరించారు. అదే 1/70. దాని ప్రకారం ఏజెన్సీలో భూమిని ఎవరు అమ్మినా గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘానికో మాత్రమే అమ్మాలి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఈ చట్టం చెల్లుతుందని 1988లో పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి ప్రభుత్వమే భూమిని కంపెనీలకు ఇస్తే?

విశాఖ ఏజెన్సీలో, అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో జరిగింది ఇదే. గుహల పేరుతో అందరికీ తెలిసిన చోటు. అక్కడ కాల్సైట్ లాంటి ఖనిజాల కోసం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చింది. గిరిజనుల తరఫున 'సమతా' అనే సంస్థ హైకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వం తన భూమిని ఇచ్చుకోవడానికి ఈ చట్టం అడ్డు కాదని 1995లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. మనోళ్లు అక్కడితో ఆగలేదు, ఢిల్లీ వెళ్లారు.

కేసు మొత్తం ఒక్క మాట మీద నిలబడింది. చట్టంలో 'వ్యక్తి' అని ఉంది, ఆ వ్యక్తిలో ప్రభుత్వం కూడా వస్తుందా? 1997 జులై 11న సుప్రీంకోర్టు 'వస్తుంది' అంది. జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ జి.బి.పట్నాయక్ మరోవైపు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా, అటవీ భూమి అయినా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదు. తవ్వితే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి ప్రజల కోసం పక్కన పెట్టాలి. చట్టబద్ధ పాలన అంటే ఇదే: చట్టం చేసినోళ్లు కూడా దాని కిందే ఉండాలి.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. బ్రిటిష్‌వాళ్లు వచ్చేనాటికి ఆస్ట్రేలియా భూమి ఎవరిదీ కాదని అక్కడి చట్టం రెండు వందల ఏండ్లు చెప్పింది. మేర్ దీవికి చెందిన ఎడ్డీ మాబో, ఆయన తోటివాళ్లు 1982లో కోర్టుకు వెళ్లారు. 1992 జూన్ 3న వాళ్లు గెలిచారు. మాబో మాత్రం ఆ జనవరిలోనే చనిపోయారు. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసింది. 144 దేశాలు అవునన్నాయి, వాటిలో భారతదేశం ఉంది. కాదన్న నాలుగు దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి!

తీర్పు వస్తే పని అయిపోయినట్టు కాదు. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టులోనే మరో ధర్మాసనం సమతా తీర్పుపై అనుమానాలు చెప్పింది. 2015లో విశాఖ ఏజెన్సీలో బాక్సైట్ తవ్వకానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది. ఈసారి అడవిని ఇచ్చింది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకే. అంటే తీర్పు తెరిచి ఉంచిన దారిలోంచే వచ్చింది. గిరిజనులు గట్టిగా ఎదిరించారు. 2019లో ఆ జీవో రద్దయింది.

కాబట్టి ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు 1/70 గురించి అమ్మానాన్నలకు మన భాషలో చెబుదాం. గ్రామసభ ఎప్పుడు జరిగిందో, తీర్మానంలో ఏం రాశారో అడిగి చదువుదాం. వేలిముద్ర వేయించే ముందు కాగితం గట్టిగా చదివి వినిపించే మనిషి ప్రతి ఇంట్లో ఉండాలి. మన ఇండ్లల్లో ఇప్పుడు ఆ మనిషి మనమే.

జల్, జంగల్, జమీన్ మనవి. జై ఆదివాసీ!