వుల్వర్‌హాంప్టన్ బస్సు ముచ్చట్లు

ఈ ఊరివాళ్ల పట్టుదల సంగతి మీకు తెలీదర్రా. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మీకెవరూ చెప్పి ఉండరు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆసుపత్రి వార్డులో ముసలాళ్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు.

1902లో వుల్వర్‌హాంప్టన్‌కి కరెంటు ట్రాము వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో నెత్తిమీద తీగ కట్టి నడుపుతుంటే, తీగలు వేలాడితే ఊరి అందం చెడుతుందని మన కౌన్సిలు ఒద్దంది. పట్టాల మధ్య రోడ్డులో ఇనప బొడిపెలు పాతించింది. ట్రాము అడుగున అయస్కాంతం ఉంటుంది. ట్రాము పైకి రాగానే బొడిపెలోకి కరెంటు రావాలి, దాటగానే పోవాలి. లొరేన్ పద్ధతి అనేవారు. తెలివైనదే, కాదన్ను. కానీ ఆ అయస్కాంతం లేని ట్రాము మన పట్టాల మీద నడవదు. పొరుగూరి ట్రాము పొలిమేర దాకా వచ్చి ఆగాల్సిందే. 1921లో విసుగెత్తి తీగే వేశారు. రెండేళ్లకే, 1923లో, ట్రాలీబస్సులు తెచ్చారు. వాటికి రబ్బరు చక్రాలు కదా, కరెంటు వెనక్కి పోవడానికి పట్టా ఉండదు, పైన రెండో తీగ ఉండాలి. ఒక్క తీగ చూడలేమన్నవాళ్లు ఊరంతా రెండేసి తీగలు కట్టుకున్నారు!

ఆ ట్రాలీబస్సులు తయారుచేసే గై, సన్‌బీమ్ కార్ఖానాలు రెండూ ఈ ఊళ్లోవే. చప్పుడు లేకుండా పోయేవట. డడ్లీ రూటులో ఆఖరిది 1967 మార్చి 5న ఆగిపోయింది. నేను గుంటూరులో చదువు ముగించుకుని 1968లో వచ్చాను. నాకా యోగం పట్టలేదు.

నాకు పట్టినవి డీజిల్ డబుల్ డెక్కర్లు. వెనకవైపు తలుపుండదు, పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉంటుంది. పై అంతస్తంతా సిగరెట్ పొగ. పైకప్పు టీ డికాషన్ రంగుకి తిరిగి ఉండేది. కండక్టరు మెడలో తోలు సంచి, పొట్టమీద టిక్కెట్ల మిషను. గంట ఒకసారి కొడితే ఆపమని, రెండుసార్లు కొడితే పోనిమ్మని, మూడుసార్లయితే బస్సు నిండింది, ఇంకెవర్నీ ఎక్కించుకోవద్దని. చిల్లర లెక్క మాత్రం నా ప్రాణానికొచ్చింది. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. మనం 1957లోనే అణాలు వదిలేసి నయాపైసల్లోకి వచ్చామా, ఇక్కడికొచ్చి మళ్లీ వెనక్కి పోయినట్టయింది. అరచెయ్యి చాపి నాణేలన్నీ చూపిస్తే, జలంధరు నుంచి వచ్చిన ఒక కండక్టరు తనకు కావలసినవి ఏరుకుని, మిగతావి నా వేళ్లు మూసి జేబులో పెట్టించేవాడు. అతనితో హిందీలో మాట్లాడబోయేవాణ్ని. నాది హిందీ ప్రచార సభ పరీక్షల హిందీ. అతనికి నవ్వాగేది కాదు, ఇంగ్లీషులోకి దిగేవాడు.

అప్పటికి ఈ ఊరి బస్సు డిపోలో తలపాగా గొడవ రగులుతోంది. 1967 ఆగస్టులో తర్సేమ్ సింగ్ సంధూ అనే డ్రైవరు జబ్బు సెలవయ్యాక గడ్డంతో, తలపాగాతో డ్యూటీకొచ్చాడు. నిబంధన ఒప్పుకోదని ఇంటికి పంపేశారు. వేలమంది సిక్కులు ఊరేగింపు తీశారు. మన ఎం.పి. ఇనాక్ పవెల్ వలస వచ్చేవాళ్లకి వ్యతిరేకంగా బర్మింగ్‌హాంలో చేసిన ఆ పేరుమోసిన ప్రసంగంలో సిక్కుల పోరాటాన్ని కూడా ఎత్తి దెప్పాడు. 1963 దాకా ఆరోగ్య మంత్రి కూడా ఆయనే, మేం పనిచేసే ఆసుపత్రులన్నీ ఒకప్పుడు ఆయన చేతికిందివే! చివరికి సోహన్ సింగ్ జాలీ అనే పెద్దాయన, 1969 ఏప్రిల్ 13 వైశాఖి లోపల నిబంధన ఎత్తెయ్యకపోతే ఒంటికి నిప్పంటించుకుంటానన్నాడు. లండన్ ప్రభుత్వం కలగజేసుకుంది. ఏప్రిల్ 9న మన కౌన్సిలు రవాణా కమిటీ దిగొచ్చింది, మనసొప్పి మాత్రం కాదు.

అసలు తమాషా ఇప్పుడు చెప్తా వినండి. అదే ఏడు అక్టోబరు 1న వుల్వర్‌హాంప్టన్, వాల్సాల్, వెస్ట్ బ్రామ్‌విచ్, బర్మింగ్‌హాం బస్సులన్నీ కలిపి ఒకే సంస్థ కింద పెట్టేశారు. అంటే ఒక తలపాగా కోసం రెండేళ్లు పంతం పట్టిన కమిటీకి ఆర్నెల్లు తిరక్కుండా నడుపుకోవడానికి ఒక్క బస్సు మిగల్లేదు. తెలియకా? బస్సులు కలిపే చట్టం ముందటేడే అయింది. పోబోయే అధికారాన్ని అంత గట్టిగా పట్టుకోవడమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. ఈ పంతం మన ఊరికే కాదు, వెస్ట్ బ్రామ్‌విచ్ బస్సు సిబ్బందైతే 1955లో ఒక భారతీయుణ్ని కండక్టరుగా తీసుకున్నారని శనివారాలు బస్సులే ఆపేశారు.

తర్వాత మన ఆకుపచ్చ, పసుపు బస్సులకి నీలం, మీగడ రంగు వేశారు. బర్మింగ్‌హాం మనల్ని మింగేసిందని పేషెంట్లు జబ్బు మర్చిపోయి తిట్టేవారు. నాకేం బాధ లేదు. మీ నాయనమ్మ వచ్చాక ఆదివారాలు పులిహోర కట్టుకుని బర్మింగ్‌హాం పోయి పదకొండో నంబరు ఎక్కేవాళ్లం. ఊరి చుట్టూ ఇరవయ్యారు మైళ్లు తిరిగి ఎక్కిన చోటికే తెచ్చేది. బోర్న్‌విల్ దగ్గర కాడ్బరీ ఫ్యాక్టరీ నుంచి చాక్లెట్ వాసన వస్తే పులిహోర పొట్లం మూసేసేది, రెండు వాసనలూ కలిస్తే కడుపులో తిప్పుతుందట.

1986లో బస్సులు ఎవరైనా నడుపుకోవచ్చన్నారు. అదో కలగాపులగం, వదిలెయ్యండి. 1999లో మళ్లీ ట్రాము వచ్చింది, చాలామటుకు 1972లో మూసేసిన రైలు దారి మీదే, బర్మింగ్‌హాం స్నోహిల్ నుంచి ఇక్కడికి. ఇప్పుడేమో బస్సుల్ని మళ్లీ ప్రభుత్వ అజమాయిషీలోకి తెస్తామని 2025లో ఈ ప్రాంతపు మేయరు తేల్చేశాడు. తెస్తే ఎక్కి చూస్తా, నాకెలాగూ ముసలాళ్ల పాసుంది, టిక్కెట్టు కొననక్కర్లేదు.