కండర పునర్నిర్మాణం (కణజాల ఇంజనీరింగ్)

కండ కాస్త చీరుకుంటే కొన్నాళ్లకు అదే మానుతుంది. కండపోగును అంటిపెట్టుకుని నిద్రపోయే ఉపగ్రహ కణాలు మేల్కొని, విభజన చెంది, కొత్త పోగులు కడతాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో వీటిని గుర్తించాడు. ఆ నిద్ర గుట్టు మీదే హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో జ్యోత్స్న ధవన్ బృందం విలువైన పరిశోధన చేసింది.

ప్రమాదంలో పిక్క కండ పెద్ద ముక్కగా పోతే మాత్రం ఆ గుంటలో మచ్చ కణజాలమే నిండుతుంది, కాలికి పాత బలం రాదు. అందుకే ఫైబ్రిన్ జెల్‌నో, కణాలు కడిగేసిన కణజాలాన్నో ఆసరాగా పరిచి అందులో కండర కణాలు నాటుతారు. ధర్మవరం మగ్గం మీది పడుగులా పోగులన్నీ ఒకే దిక్కుకు సాగాలి. అడ్డదిడ్డంగా పెరిగితే లాగే శక్తి చాలదు. 2014లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో నెనాద్ బుర్సాచ్ బృందం పెంచిన కండరం, గాయపడ్డాక తనను తానే బాగుచేసుకుంది. అసలు చిక్కు రక్తానిది: రక్తనాళానికి సుమారు 200 మైక్రోమీటర్ల దూరం దాటిన కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. నాడి కూడా వచ్చి కలవాలి.