క్రోన్స్ వ్యాధి: లక్షణాల గుర్తింపు

క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో ఏళ్ల తరబడి తగ్గుతూ పెరుగుతూ సాగే వాపు జబ్బు. నోటి నుంచి ఆసనం దాకా ఎక్కడైనా రావచ్చు గానీ, చిన్నపేగు చివరి భాగాన్నీ పెద్దపేగు మొదలునూ పట్టుకోవడం ఎక్కువ. పుళ్లు పైపొరతో ఆగక పేగు గోడ లోపలిదాకా దిగుతాయి. మధ్యలో బాగున్న పేగును వదిలేసి మరోచోట మళ్లీ లేస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. గ్లాస్గో సర్జన్ కెనెడీ డాల్‌జీల్ 1913లోనే ఇలాంటి రోగుల గురించి రాశాడు. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 14 మంది రోగులను వర్ణించారు. అక్షరక్రమంలో ముందున్న క్రోన్ పేరే జబ్బుకు నిలిచిపోయింది.

ఇది పట్నవాసుల జబ్బు అనే అభిప్రాయం ఇంకా పోలేదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు, పొట్ట బాధలున్న 30 వేల మందికి పైగా రోగులను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ వంటి పేగు వాపు జబ్బులు పల్లెవాళ్లలోనూ పట్నవాసుల్లోనూ పెద్ద తేడా లేకుండా కనిపించాయి. కాబట్టి శ్రీకాకుళం జిల్లాలో ఉప్పుమడులున్న నౌపడ వంటి ఊళ్లో ఈ జబ్బు ఉండదనుకోవడానికి ఆధారం లేదు.

విరేచనాలు నాలుగు వారాలు దాటినా ఆగకపోతే అది మామూలు కలుషిత నీటి బాధ కాకపోవచ్చు. రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి రావడం మరింత బలమైన సూచన. ఎందుకంటే ఆందోళనతో పేగు అదుపు తప్పే ఐబీఎస్ రోగి రాత్రిపూట సాధారణంగా హాయిగా నిద్రపోతాడు. జబ్బు చిన్నపేగులోనే ఉంటే రక్తం పడకపోవచ్చు, అంతమాత్రాన క్రోన్స్ కాదనలేం. నొప్పి ఎక్కువగా బొడ్డుకు కుడివైపు కింద ఉంటుంది. పేగు ఇరుకైనవాళ్లలో తిన్న కాసేపటికి పొట్ట ఉబ్బి, మెలిపెట్టి, గుడగుడమంటూ ఏదో జారినట్టయి నెమ్మదిస్తుంది. పీచు ఎక్కువున్న తేగలో, పనసతొనలో తిన్నప్పుడు ఈ బాధ పెరుగుతుంటే డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి. నొప్పికి భయపడి రోగి తిండి తగ్గించేస్తాడు. ఒళ్లు తగ్గడానికి అదీ ఒక కారణమే. ఉప్పుమడుల్లో ఎండన పనిచేసేవాళ్ల నీరసాన్ని వడదెబ్బ ఖాతాలో వేయడం తేలిక. రక్తహీనత ఉందేమో చూసేదాకా అసలు సంగతి బయటపడదు.

ఆసనం దగ్గర బాధను సిగ్గుతో దాచుకోవడం, చెప్పినా పైల్స్ అనిపించుకుని రావడం సర్వసాధారణం. చీము కారే రంధ్రం ఫిస్టులా, అంటే భగందరం. ఒకసారి కోసి కుట్టాక మళ్లీ తెరుచుకుంటే, లేదా ఒకటికి రెండు రంధ్రాలుంటే, పేగును చూడకుండా మళ్లీ ఆపరేషనుకు వెళ్లడం తెలివైన పని కాదు. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ చీము తగ్గి, మానగానే తిరగబెట్టడం కూడా క్రోన్స్‌లో చూసేదే.

పొట్టకు సంబంధం లేనట్టు కనిపించే గుర్తులూ ఉన్నాయి: మాటిమాటికీ నోటిపూత, కీళ్లనొప్పులు, మోకాలి కింద కాలి ముందువైపు నొప్పితో కూడిన ఎర్రటి గడ్డలు, కన్ను ఎర్రబడి మంట. పిల్లల్లో విరేచనాల కంటే ముందు ఎదుగుదల ఆగిపోవచ్చు. తోటి పిల్లల కంటే పొట్టిగా ఉండి, ఆడపిల్ల రజస్వల కావడం ఆలస్యమైతే బలం టానిక్కులతో సరిపెట్టకూడదు.

మన దేశంలో గుర్తింపుకు అసలు చిక్కు పేగు టీబీ. అదీ పేగులో అదే చోట వస్తుంది, అదే జ్వరం, అదే బరువు తగ్గడం. పొట్టలో నీరు చేరడం, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ, సాయంత్రం జ్వరం టీబీ వైపు మొగ్గు చూపుతాయి. ఏళ్లుగా తగ్గుతూ తిరగబెట్టడం, ఫిస్టులాలు, రక్త విరేచనాలు క్రోన్స్ వైపు. కొలనోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షించినా తేలని సందర్భాలుంటాయి. టీబీ క్రిమిని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షలో టీబీ కనబడకపోయినా లేదని కొట్టిపారేయలేరు. అప్పుడు టీబీ మందులు మొదలుపెట్టి, సుమారు రెండు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. టీబీ పుండైతే మానుతుంది. రోగికి కాస్త బాగుందనిపించడం చాలదు, పుండు మానిందా లేదా అన్నదే లెక్క. టీబీ కాదని తేలకముందే స్టెరాయిడ్లు ఇస్తే టీబీ విజృంభించే ప్రమాదం ఉంది.

మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష పేగులో వాపు ఉందా, ఉత్త గ్యాస్ బాధేనా అనేది విడదీయడానికి పనికొస్తుంది గానీ, టీబీలోనూ పెరుగుతుంది కనుక ఆ రెంటినీ వేరుచేయలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉన్నందున, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అది బాగుందని పేగులు బాగున్నట్టు కాదు. కిడ్నీలకు చెడు చేసే నొప్పి మాత్రలు క్రోన్స్‌ను కూడా రెచ్చగొట్టవచ్చు. పొగ తాగడమూ అంతే. సొంతంగా మాత్రలు మింగేవారు వాటి పేర్లు రాసిన చీటీని డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లడం మంచిది.

నౌపడకు దగ్గరి పట్టణం టెక్కలి. అయినా కొలనోస్కోపీ, బయాప్సీ కోసం శ్రీకాకుళానికో విశాఖ కేజీహెచ్‌కో, ఉత్తరాన బరంపురానికో వెళ్లాల్సి రావచ్చు. విరేచనం, అపానవాయువు రెండూ ఆగిపోయి, పొట్ట బిగిసి, ఆకుపచ్చ వాంతులవుతున్నా, చలిజ్వరంతో పొట్ట తాకనివ్వకపోయినా ఆ రోజే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దారిలో ఏమీ తినిపించకూడదు.