నైనీతాల్: కనుగొన్నదెవరు, మోసిందెవరు?

వేసవి విడుదుల చరిత్ర రాసేవారు సాధారణంగా రెండు ప్రశ్నలకే సమాధానం చెప్తారు. ఆ చోటును ఏ దొర కనుగొన్నాడు? అక్కడ మొదటి బంగళా ఎప్పుడు లేచింది? మూడో ప్రశ్న ఒకటుంది. ఆ బంగళాకు కావలసిన సామానంతా కొండమీదికి ఎవరు మోశారు? ఈ ప్రశ్న వేయనంతవరకు మనం చదివేది చరిత్ర కాదు, యాత్రికుల కోసం అచ్చువేసిన కరపత్రం మాత్రమే.

కొంతకాలం కిందట అధ్యాపకుల శిక్షణ తరగతులకని కుమావూన్ కొండల్లోని నైనీతాల్‌కు వెళ్లాను. దాదాపు 1,900 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలు, నడుమ ఒకటిన్నర కిలోమీటరు పొడవైన సరస్సు. ఒక సాయంత్రం నలుగురం పడవ ఎక్కాం. పడవ నడిపే పెద్దాయన ఆ ఊరు పుట్టిన కథ చెప్పాడు. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. గదికి తిరిగి వచ్చాక మాత్రం, ఎవరిని చూసి నవ్వానా అన్న ఆలోచన నన్ను వదలలేదు.

ఆ కథ ఇది. 1841లో షాజహాన్‌పూర్ చక్కెర వ్యాపారి బారన్ అనే ఇంగ్లీషువాడు వేటకని కొండలెక్కి ఈ సరస్సును చేరాడు. 'పిల్‌గ్రిమ్' అనే మారుపేరుతో పత్రికకు రాశాడు. 1844లో తన హిమాలయ సంచారాన్ని పుస్తకంగా వెలువరించాడు. నైనీతాల్‌ను 'కనుగొన్నవాడు' అన్న కీర్తి ఆయనకు అట్లా దక్కింది. కాని ఆయన పుస్తకంలోనే ఈ కీర్తిని కాదనే సాక్ష్యం ఉంది. కొండవాళ్లను దారి చూపమంటే అటువంటి సరస్సే తమకు తెలియదన్నారట. అప్పుడు దొర ఒక ఉపాయం పన్నాడు. ఒకడి నెత్తిన పెద్ద బండరాయి పెట్టించి, నైనీతాల్‌లో రాళ్లు దొరకవు గనుక దీన్ని పగలకుండా అక్కడికి మోసుకురమ్మన్నాడు. కొంతదూరం మోసేసరికి ఆ మనిషికి ఓపిక నశించి, అక్కడ రాళ్లకేం కొదవ అని నోరు జారాడు. ఆ విధంగా దారి తెలిసింది.

తెలిసిన చోటును తెలియదని ఎందుకన్నారు? ఆ సరస్సు వారికి నైనాదేవి నెలవు. అది ఎవరి సొంతమూ కాదు గనుకనే అందరిదీ. 1815లో కుమావూన్ కంపెనీ వశమైన తర్వాత కమిషనరుగా పనిచేసిన ట్రెయిల్ అంతకుముందే దాన్ని చూశాడనీ, ఆ పవిత్రతకు భంగం కలుగుతుందని గుట్టుగా ఉంచాడనీ చెప్తారు. అందుచేత బారన్ చేసిన పనికి 'కనుగొనడం' అన్న మాట నప్పదు. దాచుకున్నదాన్ని రాబట్టడం అనాలి. అందుకు వాడిన సాధనం నెత్తిమీది బరువు.

రెండో ఘట్టం కూడా ఆయన రాసుకున్నదే. ఆ లోయ తనదన్నవాడు నర్‌సింగ్ అనే తోక్‌దారు, అంటే గ్రామాల పెద్ద. బారన్ కిందినుంచి ఒక పడవ మోయించి తెప్పించాడు. నర్‌సింగ్‌ను షికారుకని ఎక్కించుకున్నాడు. నడి నీటిలోకి వెళ్లాక పెన్సిలూ కాగితమూ తీసి, హక్కు వదులుకున్నట్టు సంతకం చెయ్యి, లేకుంటే పడవ తిరగబడుతుందన్నాడు. నర్‌సింగ్ సంతకం చేశాడు. ఆ తర్వాత అదే లోయకు ఆయన్ను నెలకు ఐదు రూపాయల జీతం మీద పట్వారీగా వేశారు.

బారన్ దీన్ని వినోదంగా రాశాడు. గెజెటీర్లు వినోదంగానే ఎత్తిరాశాయి. నేటికీ యాత్రికులు వినోదంగానే వింటున్నారు. సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి గనుక నాకు ఇక్కడ కథకన్నా కథనం ముఖ్యమనిపిస్తుంది. బెదిరించి రాయించుకున్న పత్రం ఏ న్యాయస్థానంలోనూ చెల్లదు. చెల్లనిదాన్ని చెల్లించుకోవడానికి పాలకవర్గానికి తుపాకి ఒక్కటే చాలదు, హాస్యం కూడా కావాలి. ఓడినవాణ్ణి అమాయకుడుగా చిత్రించి నవ్విస్తే, వినేవాడు తెలియకుండానే గెలిచినవాడి పడవలోకి ఎక్కుతాడు. నేను ఆ సాయంత్రం ఎక్కింది ఆ పడవే.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 1845 నాటికే పురపాలక సంఘం, 1862 నుంచి వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వానికి వేసవి మకాం. సరస్సు ఒడ్డున రెండు వీధులు: పై వీధి దొరలకు, కింది వీధి భారతీయులకు. రైలు 1884లో కాఠ్‌గోదాం వరకు వచ్చింది. అక్కడినుంచి ముప్ఫై కిలోమీటర్లకు పైబడిన కొండదారిలో పెట్టెలు మనుషుల వీపుల మీద, దొరసానులు మనుషుల భుజాల మీది డోలీల్లో ఎక్కవలసిందే. పట్టణంలో కూలి తీసుకుని మోసినవారున్నారు, నేపాల్ నుంచి వచ్చిన కూలీలున్నారు. కాని కుమావూన్ పల్లెలన్నిటి మీదా మరో భారం ఉండేది. కూలీ ఉతార్ అంటే నామమాత్రపు కూలికి నిర్బంధంగా మోయడం. బేగార్ అంటే ఆ కూలి కూడా లేకపోవడం. బర్దాయిష్ అంటే మకాం వేసిన అధికారికి పాలూ కట్టెలూ ధాన్యమూ ఊరివారే సమకూర్చడం. ఎవరి వంతు ఎప్పుడో గ్రామపెద్ద దగ్గర పట్టీలో రాసి ఉండేది. తెలుగు పాఠకుడికి దీన్ని వివరించనక్కర లేదు. దాని పేరు వెట్టి.

1880 సెప్టెంబరు 18న వానకు నానిన కొండచరియ ఉదయం ఒకసారి విరిగిపడింది. మట్టి తవ్వి మనుషులను బయటికి తీస్తుండగా మధ్యాహ్నం మరింత పెద్దది విరిగి, తవ్వుతున్నవారిని కూడా కప్పేసింది. మృతులు 151 మంది; యూరోపియన్లు 43, భారతీయులు 108. అడవిలోని సెయింట్ జాన్ చర్చిలో ఆనాటి మృతుల ఇత్తడి ఫలకం ఉంది, అందులో దొరల పేర్లున్నాయి. ఆ 108 మంది పేర్లు నాకు ఊళ్లో ఏ ఫలకం మీదా కనిపించలేదు. ఆ మట్టితోనే విశాలమైన మైదానంలో నేడు పిల్లలు బంతాట ఆడుకుంటారు.

అయితే మోసినవారు ఎల్లకాలం మోస్తూనే ఉండలేదు. 1921 జనవరి 14న, మనకది సంక్రాంతి, వారికి ఉత్తరాయణి, బాగేశ్వర్ తిరునాళ్లలో వేలాది రైతులు గుమిగూడి, బద్రీదత్ పాండే మొదలైనవారి నాయకత్వాన వెట్టి పట్టీలను సరయూ నదిలో విసిరేశారు. ప్రభుత్వం ఆ పద్ధతిని మానుకోక తప్పలేదు. బారన్ కాగితం నీటి నడుమ పుట్టింది. ఆ కాగితంతో మొదలైన పాలన కట్టిన పట్టీలు నీటిలోనే కలిశాయి. 1977 నవంబరులో అడవుల వేలాన్ని ఎదిరించి విద్యార్థులూ రచయితలూ నైనీతాల్ వీధుల్లోకే వచ్చారు. కవి గిరీశ్ తివారీ 'గిర్దా' ఆ ఉద్యమంలోని మనిషే. దొరలు వెళ్లినా అడవి ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉందని ఆ నెల చాటింది. నీరెవరిదన్నది ఈనాటి ప్రశ్న. ఊరికి తాగునీరిచ్చే సరస్సు 2017 వేసవిలో అంచులు ఎండి మట్టి మేటలు తేలింది.

ఇదంతా ఎక్కడో హిమాలయాల మాట అనుకోవద్దు. బాగేశ్వర్ తర్వాత ఏడాదిన్నరకు, 1922 ఆగస్టులో, మన మన్యం తిరగబడింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన రోడ్డుకు గిరిజనులచేత చేయించిన వెట్టి దాని కారణాల్లో ఒకటి. ఈనాడు చలికాలం మంచు చూడటానికి మన విద్యార్థులు బస్సులు కట్టుకుని లంబసింగికే వెళ్తున్నారు. వెళ్లవలసిందే, అందం శ్రమజీవికి కూడా హక్కు. కాని ఎక్కుతున్న రోడ్డును ఎవరు వేశారో అక్కడి ముసలివాళ్లను అడిగి, చెప్పింది రాసుకుని రావాలి. ఈ ఏడు నా తరగతికి నేనిచ్చిన పని అదే.