తారాజువ్వ, ఇనుప గొట్టం, నీళ్ల సీసా

పోయిన ఆదివారం మన సంఘం హాలు వెనక స్థలంలో పిల్లలతో రాకెట్లు చేయించాం. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు, అట్టముక్కల రెక్కలు, టేపు, సైకిల్ పంపు, అంతే. సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, వాల్వు గుచ్చిన బిరడా బిగించి, తలకిందులుగా నిలబెట్టి గాలి కొట్టడం. బిరడా ఊడిందా, నీళ్లు కిందికి, సీసా పైకి.

నాలుగైదు ఎగిరాక ఎనిమిదో తరగతి కుర్రాడొకడు పక్కకొచ్చి మెల్లగా అడిగాడు: "మామా, ఇనుప గొట్టంలో టపాకాయల మందు కూరితే ఇంకా పైకి పోతుంది కదా?"

వాడి వయసులో నేనూ అదే పని చేశాను. బొటనవేలి మీద మచ్చ చూపించి, కూర్చోబెట్టి ఈ కథ చెప్పాను.

మనం ఉంటున్న కన్నడ గడ్డకు రాకెట్లు కొత్త కాదు. బెంగళూరు తారామండలపేటలో హైదర్, టిప్పుల కాలంలో వీటిని చేసేవారని చెబుతారు. మైసూరువాళ్ల గొప్పంతా ఇనుప గొట్టంలో ఉంది. మన తారాజువ్వకుండే కాగితపు గొట్టం తట్టుకోలేని ఒత్తిడిని ఇనుము తట్టుకుంటుంది, అందుకే కిలోమీటరు దాటి పోయేవి. 1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఇంగ్లీషు సేన వీటి దెబ్బ చూసింది. శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లండులో కాంగ్రీవ్ వీటిని చూసే తన రాకెట్లు తయారుచేశాడు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాత బావిలో వెయ్యికి పైగా దొరికాయి.

అవి యుద్ధానికి చేసినవి. బలం ఇచ్చేది ఆ గొట్టమే. పేలితే ముక్కలై ఒంట్లో దిగేదీ ఆ గొట్టమే.

1950లలో అమెరికా పిల్లలూ ఇనుప గొట్టాల్లో మందు దట్టించి వేళ్లు, కళ్లు పోగొట్టుకున్నారు. ప్రాణాలూ పోయాయి. 1957లో వైట్ శాండ్స్ రాకెట్ కేంద్రంలో పనిచేసే హ్యారీ స్టైన్ ఈ ప్రమాదం గురించి ఒక పత్రికలో రాశాడు. అది చదివి నెబ్రాస్కాలో చెప్పుల కొట్టు నడిపే ఓర్విల్ కార్లైల్, తానూ తన సోదరుడూ 1954లో చేసిన చిన్న రాకెట్లను ఆయనకు పంపాడు. కాగితపు గొట్టం, తేలిక చెక్క రెక్కలు, దిగేటప్పుడు విచ్చుకునే పారాచూటు. మందు మాత్రం ముందే నింపి మూసిన మోటారులో ఉంటుంది. మిగతాదంతా పిల్లలు చేసుకోవచ్చు, మందు మాత్రం ముట్టుకోకూడదు. అదే ఏడాది అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరి పిల్లల్లో రాకెట్ పిచ్చి ముదిరే వేళకు ఈ దారి సిద్ధంగా ఉంది. 1959కల్లా వెర్న్ ఎస్టెస్ అనే ఆయన ఆ మోటార్లు చేసే యంత్రమే తయారుచేశాడు.

అలాంటి మోటార్లు మనకు సులభంగా దొరకవు, అందుకే నీళ్లు. పంపు పెద్దవాళ్ల చేతిలో, పిల్లలు పది అడుగుల దూరంలో, బిరడా ఊడకపోతే ఎవరూ వంగి చూడకూడదు.

కుర్రాడు అంతా విని, "అయితే రెక్కలు మార్చి చూస్తా మామా" అన్నాడు. మార్చాడు, నిజంగానే ఇంకా నిటారుగా పోయింది.

తల్లిదండ్రులకు ఒక్క మాట: దీపావళికి మిగిలిన టపాకాయలు ఇంట్లో ఎక్కడున్నాయో ఈరోజే ఒకసారి చూసుకోండి.