చిల్లగింజ ఎక్కడ ఓడింది?

ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కాస్త ముందుచూపున్న అధికారులూ సిపాయిలూ యుద్ధానికి బయల్దేరేటప్పుడు వెంట చిల్లగింజలు పట్టుకెళ్లేవారట, దారిలో దొరికే బురదనీళ్లను తేర్చుకుని తాగడానికి. ఈ సంగతి రాసిపెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్, సామర్లకోటలో ఉండి మన చెట్టూచేమలను పరిశీలించిన స్కాట్లండు వైద్యుడు. ఆయన మాటల్లో ముచ్చటగొలిపేది చివరి ముక్క: ఈ గింజలు పటిక కన్నా తేలిగ్గా దొరుకుతాయి, ఒంటికి చేసే చెరుపు కూడా బహుశా తక్కువే అంటాడు. ఇవాళ కిరాణా కొట్లో పటిక అడిగితే మారుమాట లేకుండా ఇస్తారు, చిల్లగింజ అడిగితే మొహంలోకి చూస్తారు. రాయ్‌పూర్‌లోని రావణ్‌భాటా ఫిల్టర్ ప్లాంటు లాంటి చోట్ల ఊరి నీళ్లను తేర్చే భారమంతా పటిక జాతి మందుల మీదే. గింజ సరిగా పనిచేయకే ఇలా జరిగిందని అనుకోవడం సులువు. నా వాదన వేరు. చిల్లగింజ కుండలో బాగానే గెలిచింది, గోదాములో ఓడింది.

ముందు దాని వంశం సంగతి. చిల్లచెట్టునే ఇండుపచెట్టనీ అంటాం. సంస్కృతంలో కతకం, ఛత్తీస్‌గఢ్ వైపు నిర్మలి. విషముష్టికి ఇది దగ్గరి చుట్టం, అయినా నీళ్ల కుండలోకి దర్జాగా రానిచ్చారు. కలక నీటిని తేర్చేవి ఏడని సుశ్రుత సంహిత లెక్క చెబుతుంది: కతకం, గోమేధికం, తామరదుంప, నాచువేరు, బట్ట, ముత్యం, మణి. ముత్యాన్నీ మణినీ రాజుగారి ముచ్చటకు వదిలేసినా, బట్ట, జిగురున్న దుంప, గింజ ఒకే వరుసలో కూర్చోవడం గమనించాలి. వడపోత ఒక దారి, ముద్దగట్టించి దించడం మరో దారి అని ఆ జాబితా కట్టినవాళ్లకు తెలుసు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో బావినీళ్లు బాగుచేయడానికి చెప్పిన పొడుల్లో ఉసిరి, వట్టివేరు, తుంగముస్తెలతో పాటు కతకమూ ఉంది. ‘మాళవికాగ్నిమిత్రం’లో కాళిదాసు ఉపమానానికి వాడుకున్నదీ దీన్నే. మనుస్మృతి ఇంకొంచెం గడుసుగా, కతకం పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్లు తేరవు అంది. ఇప్పుడు మన దగ్గర మిగిలిందల్లా ఆ పేరే కాబట్టి ఈ మాట కాస్త గుచ్చుకుంటుంది. వంటింట్లోంచి పోయినా గింజ వేదాంతంలో బతికింది. ఆత్మబోధలో అజ్ఞానాన్ని తొలగించి తానూ తొలగిపోయే జ్ఞానానికి పోలిక ఈ గింజపొడే, ఎందుకంటే మురికితో పాటు అదీ అడుక్కి దిగిపోతుంది. రసాయన శాస్త్రం వైపు నుంచి చూసినా ఆ పరిశీలనలో తప్పు పట్టలేం.

వరాహమిహిరుడి కాలం నుంచి పన్నెండు వందల ఏళ్లు ఒక్క గెంతులో దాటి సామర్లకోటలో దిగుదాం. రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా అక్కడున్నాడు. మిరియాల తోట వేయించాడు, వానలూ ఎండలూ రోజువారీగా రాసుకున్నాడు, 1787 ఉప్పెనలో పుస్తకాలూ కాగితాలూ పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. 1789లో మద్రాసులో కంపెనీ వృక్షశాస్త్రవేత్త పదవి దక్కింది. ఆ మరుసటి ఏడే టిప్పుసుల్తానుతో మూడో మైసూరు యుద్ధం. గోదావరి ప్రాంతంలో కరువు కూడా ఆ రోజుల్లోనే. చెరువులు అడుగంటితే మిగిలేది కలకనీరే, దాన్ని తాగి విరేచనాలు పట్టుకుంటే ఫిరంగి లాగేవాడుండడు. గింజ వాడకాన్ని ఆయన వర్ణించిన తీరులో ఈ అవసరం కనబడుతుంది. మెరుగు లేని మట్టికుండ తీసుకుని, లోపలి గోడకు ఎండు గింజను కాసేపు గట్టిగా అరగదీయాలి, నీళ్లను కదలనీయకుండా వదిలేయాలి, కొద్దిసేపట్లోనే మడ్డి అడుగున చేరుతుంది. గరుకు మట్టిగోడ మీద అరిగిన గింజ సన్నని గంధంలా నీళ్లలో కలుస్తుంది. పాత్ర కూడా పనిముట్టేనన్నమాట. నున్నటి స్టీలు బిందె వచ్చిన ఇంట్లో ఈ పద్ధతి సగం చచ్చిపోయినట్టే. 1795లో వెలువడిన ఆయన కోరమండల్ తీరపు మొక్కల సంపుటం ఈ చెట్టు బొమ్మను లండన్ దాకా తీసుకెళ్లింది. కానీ బొమ్మ వెళ్లినంత సులువుగా చేతివాటం వెళ్లదు. ఎంతసేపు అరగదీయాలో, ఏ వాగు నీటికి ఎన్ని గింజలో తెలిసినవాళ్లు పుస్తకాలు రాసేవాళ్లు కారు.

తర్వాతి శతాబ్దంలో ఆట మారింది. పట్టణం పెరిగింది, కుండ స్థానంలో తొట్టి వచ్చింది. అమెరికాలో ఐజయా హయట్ 1884లో, నీటిలో మందు కలిపి మురికి ముద్దగట్టించి వెంటనే ఇసుకలో వడపోసే పద్ధతికి పేటెంటు పొందాడు. రాయ్‌పూర్‌లో, రాజ్‌నాంద్‌గావ్ పాలకుడి పేరు మీద, ఖారూన్ నది నీటిని ఊళ్లోకి తెచ్చిన బలరామ్‌దాస్ వాటర్ వర్క్స్ 1892 నాటిది. పటిక ఎందుకు పనిచేస్తుందో కూడా ఆ కాలంలోనే తేలింది. నీళ్లలోని బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి తేలుతుంటాయి. ధనావేశం ఎక్కువున్న అయాను ఆ నెట్టుడును చప్పున చల్లారుస్తుందని షుల్జ్ 1882లో, హార్డీ 1900లో చూపించారు. సిద్ధాంతం లెక్కన అల్యూమినియం వంటి మూడావేశాల అయానుకు, ఉప్పులోని సోడియం కన్నా 729 రెట్ల శక్తి. దానికి తోడు వాటర్ వర్క్సుల్లో వాడే పటికను బాక్సైటునూ గంధకికామ్లాన్నీ కలిపి టన్నుల లెక్కన చేయొచ్చు. ఏడాదంతా ఒకే నాణ్యం, బస్తా మీద ఒకే అంకె. గింజ చెట్టుకో రకం, ఏటికో రకం. టెండరు పిలిచే ఇంజనీరు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

ఇక్కడే ఒక పొరపాటు పోటీ మొదలైంది. పటిక, చిల్లగింజ నిజానికి చేసే పనులు వేరు. పటిక రేణువుల మధ్య వైరం తీరుస్తుంది. చిల్లగింజలో ఉన్నవి పొడుగాటి పిండిజాతి గొలుసులు, అవి ఒక రేణువునూ ఇంకో రేణువునూ కలిపి పట్టుకుని పెద్ద ముద్దలు చేస్తాయి. ఫ్లాక్యులెంటు అంటే ఇదే. పరిశ్రమలు 1950ల నుంచి పాలీఅక్రిలమైడ్ అనే కృత్రిమ గొలుసుతో చేస్తున్నదీ ఇదే. మరో చుట్టరికం చూడండి. బాక్సైటు నుంచి అల్యూమినా తీసే బేయర్ పద్ధతిలో ఎర్రమడ్డిని దించడానికి చాలాకాలం వాడింది గంజిపిండి. కోర్బా దగ్గర కొండల్లో తవ్విన బాక్సైటు లాంటి ఖనిజానికి వంటింటి పిండి తోడు నిలిచిందన్నమాట. మన పెరటి మునగనైతే కాయ పులుసులో వేసుకుని ముదిరిన గింజ పారేస్తాం. సూడాన్‌లో పల్లె ఆడవాళ్లు ఆ గింజ దంచే నైలు నది నీళ్లు తేర్చుకునేవారు. ఇక నాగపూర్‌లోని జాతీయ పరిశోధన సంస్థ, ఇప్పటి నీరి, 1960ల్లోనే నిర్మలి గింజను పటికకు సాయంగా వాడి పరీక్షించింది. జోడీ కుదిరే అవకాశం మన ముంగిట్లోనే తేలింది, కానీ వాటర్ వర్క్సుల అలవాటు మారలేదు.

రంగుల తయారీ వైపు చూస్తే ఈ రెండు పనుల తేడా ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ ముద్దగట్టడం శత్రువు. తెల్లరంగుకు మూలమైన టైటానియం డయాక్సైడ్ రేణువు మైక్రానులో పావు వంతు. వాటిని విడివిడిగా ఉంచడానికే డిస్పర్సెంటు కలుపుతారు. రేణువులు గుంపుకట్టాయంటే మెరుపు, గోడను కప్పే గుణం రెండూ తగ్గుతాయి. పచ్చిరంగు మీద వేలితో రుద్ది చూస్తారు, రుద్దినచోట ఛాయ మారితే గుంపుకట్టిందని అర్థం. మరీ విడిపోయినా చిక్కే, డబ్బా అడుగున గట్టి గడ్డగా పేరుకుంటుంది, అందుకే కొందరు కావాలనే కొంచెం వదులు గుంపు కట్టనిస్తారు. తీరా తొట్టి కడిగాక ఆ పాలవంటి నీళ్లు దిగనంటాయి, డిస్పర్సెంటు తన పని మానదు కదా. అప్పుడు పటికతోనో పాలీ అల్యూమినియం క్లోరైడుతోనో ఆవేశం చంపి, పాలిమరు గొలుసుతో పోగుచేసి, ఫిల్టరు ప్రెస్సులో పిండుతారు. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లాంటి చోట్ల రోలింగు మిల్లుల నీళ్లకైనా ఇదే వరుస. ఇలాంటి నీళ్లకు చిల్లగింజ తెమ్మనడం నా ఉద్దేశం కాదు. అవి మనుషులు పనిగట్టుకుని మొండిగా తయారుచేసిన కలకలు, వాటికి మనుషులు చేసిన గొలుసులే తగినవి. వానాకాలపు నదినీటి కలక మాత్రం సుశ్రుతుడి నాటిదే.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. తేట నీరంతా మంచినీరు కాదు, గింజ క్రిములను చంపదు. నిజమే, పటికా చంపదు. ముద్దతో పాటు కొన్నిటిని దించుతాయి రెండూ, చంపాల్సింది క్లోరినే. రెండోది బలమైన అభ్యంతరం: గింజపొడిలోని సేంద్రియ పదార్థం నీళ్లలో మిగిలి క్లోరిన్‌ను తినేస్తుంది, నిల్వ నీటిలో క్రిములకు మేతవుతుంది. కుండనీళ్లు ఆ రోజే తాగేసేవాళ్లకు పట్టని ఈ లోపం మైళ్ల పైపులకు పడుతుంది. పొడికి బదులు పనిచేసే గొలుసును వేరుచేసి వాడితే తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. మూడోది లెక్క. రోజుకు 10 కోట్ల లీటర్ల నీటికి లీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే రోజుకు 2 టన్నులు, ఏడాదికి 730. అన్ని గింజలు రాలిస్తే అడవిలో చిల్లచెట్టు మొలక మిగలదు. పటిక స్థానంలో గింజను కూర్చోబెట్టమనే ఉత్సాహవంతులు ఈ గుణకారం వేసుకోవాలి. నేనడిగేది తోడు మాత్రమే, పటిక మోతాదు కొంత తగ్గేలా. ఎందుకంటే పటికకూ లోపాలున్నాయి. అది నీటి క్షారతను తినేస్తుంది, జిగట జిగట అల్యూమినియం మడ్డి మిగులుస్తుంది. ఫ్లోరైడు తీయడానికి పటికా సున్నం వాడే నల్గొండ పద్ధతికి కూడా ఆ మడ్డే తలనొప్పి. కృత్రిమ గొలుసు సంగతికొస్తే, దానిలో మిగిలే అక్రిలమైడ్ నరాలకు విషం. తాగునీటిలో లీటరుకు 0.5 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు.

ఏ నీటికి ఎంత మందో తేల్చడానికి ఫిల్టరు ప్లాంట్లలో జార్ పరీక్ష చేస్తారు. మామూలుగా ఆరు బీకర్లలో ఒకే నీళ్లు పోసి, మోతాదు మారుస్తూ కలిపి, ఆపి, ఏది ముందు తేరిందో చూస్తారు. ఖారూన్, మహానది ఎర్రబారే జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ ఆరింటిలో ఒకదానిలో తక్కువ పటికకు చిల్లగింజ సారం జోడించి చూడటానికి కొత్త యంత్రం అక్కర్లేదు. తేటదనంతో పాటు ఆ బీకరు ఎంత క్లోరిన్ తిన్నదో, ఎంత మడ్డి మిగిల్చిందో కూడా పక్కనే రాసుకోవాలి. మూడు వానాకాలాల అంకెలు చేతికొస్తే టెండరు రాసే ఇంజనీరుతో మాట్లాడొచ్చు.