గోల్కొండ సింహాసన వారసత్వ వివాదం (1672)

గోల్కొండ సింహాసన వారసత్వ వివాదం కుతుబ్ షాహీ వంశపు ఏడవ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా చివరి రోజులలో మొదలై, 1672 ఏప్రిల్ 21న ఆయన మరణించడంతో బహిరంగ సంఘర్షణగా మారిన వారసత్వ పోరు. అబ్దుల్లాకు కుమారులు లేరు, ముగ్గురు కుమార్తెలు మాత్రమే ఉన్నారు. పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్ (మీర్ అహ్మద్), చిన్నల్లుడు అబుల్ హసన్ సింహాసనం కోసం తలపడగా అబుల్ హసన్ నెగ్గాడు. తెలుగువారికి తానీషాగా సుపరిచితుడైన సుల్తాను ఇతడే. రెండవ అల్లుడు మొగలు చక్రవర్తి ఔరంగజేబు పెద్ద కుమారుడు. ఇతడు పోటీలోకి దిగకపోయినా ఇతని పేరు మీద ఉన్న హక్కు గోల్కొండను నీడలా వెంటాడింది. షియా-సున్నీ భేదం, దక్కనీ-విదేశీ ప్రభువుల వైరం, మొగలుల ఒత్తిడి, తెలుగు ఉద్యోగుల ఎదుగుదల ఈ ఒక్క వివాదంలోనే కలిసిపోయి కనబడతాయి.

నేపథ్యం

కుతుబ్ షాహీ వంశంలో జ్యేష్ఠునికే రాజ్యం అనే నియమం ఎన్నడూ స్థిరపడలేదు. వంశస్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురికాగా ఆయన కుమారుడు జంషీద్ రాజయ్యాడు. అతని తమ్ముడు ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళు గడిపి, 1550లో తిరిగివచ్చి సింహాసనం ఎక్కాడు. 1612లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మగసంతానం లేకుండా మరణించినపుడు, ఆయన ఏకైక పుత్రిక హయాత్ బక్షీ బేగం భర్త మహమ్మద్‌ను, పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ చొరవతో, సుల్తానును చేశారు. ఇతడు మహమ్మద్ కులీకి స్వయానా తమ్ముని కొడుకు కూడాను. అంటే అల్లునికి రాజ్యం దక్కిన పూర్వోదాహరణ అరవై ఏళ్ళ ముందే ఉంది. అయితే ఆ అల్లుడు రాజవంశీకుడు. 1672లో అల్లుళ్ళ విషయంలో ఇంత తేలికగా తేల్చే వీలు లేకపోయింది.

ధర్మశాస్త్రం కూడా ఈ చిక్కును విప్పలేదు. షియా న్యాయశాస్త్రం ప్రకారం కుమారులు లేనివాని ఆస్తిలో కుమార్తెలు ఉండగా సోదరులకూ పినతండ్రులకూ వాటా రాదు. సున్నీ న్యాయంలో కుమార్తెల వాటా పోగా మిగిలినది పురుషవంశపు దాయాదులకు చెందుతుంది. కానీ రాజ్యం వాటాలుగా పంచుకునే ఆస్తి కాదు. కనుక మత పండితుల తీర్పు కన్నా అంతఃపురం, సైన్యం, ఖజానా ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ముఖ్యమైనది.

ఖుత్బాలో ఎవరి పేరు?

ఒక సుల్తాను అధికారానికి రెండు గుర్తులు ఉండేవి. ఒకటి నాణెం, రెండవది శుక్రవారపు ప్రార్థనలో చదివే ఖుత్బా. కుతుబ్ షాహీలు షియాలు కావడంతో గోల్కొండ ఖుత్బాలో పన్నెండుగురు ఇమాముల పేర్లతో పాటు ఇరాన్ షా పేరు కూడా వినిపించేది. దీనిని మొగలులు మతపరమైన తప్పుగానూ, రాజకీయమైన ధిక్కారంగానూ చూశారు. 1636లో షాజహాను ఒత్తిడికి లొంగి అబ్దుల్లా ఒప్పుకున్న షరతుల ప్రకారం ఆ పేర్లు తీసివేసి మొదటి నలుగురు ఖలీఫాల పేర్లు, షాజహాను పేరు చదవవలసి వచ్చింది. ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టడానికి కూడా ఒప్పుకున్నాడు. వారసత్వ వివాదానికి అసలు బీజం ఇక్కడే పడిందని చెప్పవచ్చు. ఎందుకంటే ఈ షరతుల తరువాత గోల్కొండలో ఎవరు రాజు కావాలన్నది గోల్కొండ ఒక్కటే తేల్చుకోగల విషయం కాకుండా పోయింది.

ఇరవై ఏళ్ళ తరువాత ఈ బంధం ఇంకా బిగిసింది. ఒకప్పుడు మచిలీపట్నంలో అధికారిగా పనిచేసి, వజ్రాల వ్యాపారంతోనూ కర్ణాటక దండయాత్రలతోనూ అపార ధనవంతుడైన మీర్ జుమ్లా మహమ్మద్ సయ్యద్ సుల్తానుతో చెడి మొగలుల కొలువులో చేరాడు. దానిని సాకుగా తీసుకుని 1656లో ఔరంగజేబు (అప్పటికి దక్కను సుబేదారు) హైదరాబాదును కొల్లగొట్టి గోల్కొండను ముట్టడించాడు. రాజమాత హయాత్ బక్షీ బేగం స్వయంగా శిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడింది. కోటి రూపాయల పరిహారంతో పాటు, అబ్దుల్లా రెండవ కుమార్తెను ఔరంగజేబు కుమారుడు మహమ్మద్ సుల్తానుకు ఇచ్చి వివాహం చేశారు. అబ్దుల్లా తరువాత రాజ్యం ఈ అల్లునికే చెందాలన్న రహస్య అంగీకారం కూడా కుదిరింది. అయితే మహమ్మద్ సుల్తాను మొగలు వారసత్వ యుద్ధంలో కొంతకాలం తన పినతండ్రి షుజా పక్షం చేరి, తండ్రి ఆగ్రహానికి గురై 1660 నుండి పన్నెండేళ్ళు బందీగా ఉన్నాడు. ఆ విధంగా గోల్కొండకు మొగలు అల్లుని బెడద తాత్కాలికంగా తప్పింది. ఇతడు 1676లో మరణించాడు.

ఇద్దరు అల్లుళ్ళు

పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్ హిజాజ్ ప్రాంతం నుండి వచ్చిన సయ్యదు, విద్వాంసుల కుటుంబానికి చెందినవాడు. అరబ్బీ సాహిత్యంలో ప్రసిద్ధుడైన ఇబ్న్ మాసూమ్ ఇతని కుమారుడే. అబ్దుల్లా పాలన చివరి సంవత్సరాలలో రాజ్యవ్యవహారాలపై ఇతని పట్టు బాగా ఉండేది. వయసులో పెద్దల్లుడు, ప్రవక్త వంశీకుడు, పాలనానుభవం కలవాడు. కాగితం మీద చూస్తే ఇతని హక్కే బలమైనది. కానీ దర్బారులోని ప్రభువులను చులకనగా చూసేవాడని, అందుచేత అతనికి శత్రువులు ఎక్కువయ్యారని చరిత్రకారులు వ్రాశారు.

అబుల్ హసన్ కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. రాజవంశానికి దూరపు బంధువే అయినా కోటలో ఇతనికి స్థానం లేదు. గుల్బర్గా ఖ్వాజా బందానవాజ్ పరంపరకు చెందిన సూఫీ గురువు షా రాజు ఆశ్రమంలో శిష్యునిగా ఏళ్ళ తరబడి గడిపాడు. తానా షా అనే ముద్దుపేరు కూడా గురువు పెట్టినదేనని చెబుతారు. ఇతని వివాహం గురించి మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఒక కథ వ్రాశాడు. మూడవ కుమార్తెను మొదట సయ్యద్ సుల్తాన్ అనే వానికి ఇవ్వాలనుకున్నారు. అతనికీ పెద్దల్లునికీ పడేది కాదు. ఈ పెళ్ళి జరిగితే తాను ఔరంగజేబు వద్దకు పోతానని పెద్దల్లుడు బెదిరించడంతో, అంతఃపుర స్త్రీలు ఆలోచించి అబుల్ హసన్‌ను వరునిగా ఎంచారట. కథలో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ ప్రత్యర్థిని తప్పించబోయి పెద్దల్లుడే తన అసలు ప్రత్యర్థిని కోటలోకి రప్పించుకున్నాడన్నది మాత్రం నిజం.

సంఘర్షణ

అబ్దుల్లా మరణశయ్యపై ఉండగానే ఇరుపక్షాలు సిద్ధమయ్యాయి. దక్కనీ ప్రభువులు, సైన్యంలో పలుకుబడి ఉన్న సయ్యద్ ముజఫర్, మూసా ఖాన్ వంటివారు అబుల్ హసన్ వైపు నిలిచారు. సయ్యద్ ముజఫర్ కింద పనిచేస్తున్న మాదన్న, అతని అన్న అక్కన్న కూడా ఈ పక్షంలోనే ఉన్నారు. సుల్తాను మరణించిన వెంటనే ప్రాసాదం వద్ద జరిగిన ఘర్షణలో పెద్దల్లుని వర్గం ఓడిపోయింది. అతడు బందీ అయ్యాడు. అతని కుమారుడు ఇబ్న్ మాసూమ్ తరువాత తప్పించుకుని ఔరంగజేబు కొలువులో చేరాడు. గోల్కొండ సమీపంలోని కుతుబ్ షాహీ సమాధులలో అసంపూర్ణంగా మిగిలిపోయిన ఒక కట్టడాన్ని నిజాముద్దీన్ అహ్మద్ సమాధిగా చెబుతారు.

సున్నీ సూఫీ గురువు శిష్యుడు షియా సింహాసనం ఎక్కడం చెప్పుకోదగ్గ విషయం. అయినా రాజ్యపు మతవిధానంలో పెద్ద మార్పు రాలేదు. ఆషూర్ఖానాలలో మొహర్రం సంతాపాలు యథావిధిగా సాగాయి, షా రాజుకు గౌరవమూ దక్కింది. దీనిని బట్టి చూస్తే 1672 నాటి పోరు శాఖల మధ్య పోరు అనడం కన్నా, బయటినుండి వచ్చిన ప్రభువులకూ స్థానిక వర్గాలకూ మధ్య పోరు అనడమే సమంజసం.

రాజును నిలబెట్టినవారిలో ఎవరు మిగలాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. మీర్ జుమ్లా పదవి పొందిన సయ్యద్ ముజఫర్ సుల్తానును లెక్కచేయకపోవడంతో, రెండేళ్ళు తిరగకుండానే అతనిని తొలగించి మాదన్నను ఆ పదవిలో కూర్చోబెట్టారు. ఒక తెలుగు మాట్లాడే బ్రాహ్మణుడు గోల్కొండ ప్రధాని కావడం ఈ వారసత్వ వివాదపు దీర్ఘకాలిక ఫలితాలలో ముఖ్యమైనది.

కృష్ణా డెల్టాతో సంబంధం

ఈ పోరులో పణంగా ఉన్న సంపదలో పెద్ద భాగం మచిలీపట్నం రేవుది. బందరు, పెడన, బంటుమిల్లి, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నేత, అద్దకం బట్టలు ఈ రేవు నుండే పారశీకానికీ, తూర్పు దీవులకూ వెళ్ళేవి. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను ఇక్కడికి వచ్చారు. ఫ్రెంచివారికి 1669లో అబ్దుల్లా అనుమతి ఇచ్చాడు. వారే కొత్త సుల్తానుకు తొలి పరీక్ష అయ్యారు. సింహాసనం మారి మూడు నెలలు గడిచీ గడవకముందే, 1672 జూలైలో ఫ్రెంచి నౌకాదళం గోల్కొండ అధీనంలోని శాంథోమును ఆక్రమించింది. డచ్చివారి సహాయంతో 1674లో గాని అది తిరిగి స్వాధీనం కాలేదు.

తానీషా 1678 ప్రాంతంలో మచిలీపట్నం వైపు పర్యటించాడని, ఆ సందర్భంలోనే దివిసీమ దగ్గరి కూచిపూడిలో నాట్యం చూసి ఆ గ్రామాన్ని కళాకారులైన బ్రాహ్మణ కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని ఈ ప్రాంతంలో గట్టి ప్రతీతి ఉంది.

పర్యవసానం

వివాదం 1672లో ముగిసినా, దానిలో లేవనెత్తిన ప్రశ్నలు 1687 వరకు సజీవంగానే ఉన్నాయి. మాదన్నకు అధికారం అప్పగించడం, 1677లో హైదరాబాదు వచ్చిన శివాజీతో ఒడంబడిక, తరువాత శంభాజీకి ధనసహాయం వంటివి ఔరంగజేబు నేరాలుగా చూపించాడు. ఇస్లాం రాజు అన్యమతస్థుల చేతికి రాజ్యాన్ని ఇచ్చాడన్నది ప్రధాన ఆరోపణ. కానీ తోటి ముస్లిం రాజులపై యుద్ధం ధర్మసమ్మతమేనా అని ఔరంగజేబు అడిగినపుడు, అతని ప్రధాన ఖాజీ షేకుల్ ఇస్లాం సమ్మతించక పదవి వదలి మక్కా యాత్రకు వెళ్ళిపోయాడు. గోల్కొండ ముట్టడి సమయంలో సంధి చేసుకోమని చెప్పిన తరువాతి ఖాజీ అబ్దుల్లా మాట కూడా చెల్లలేదు. తానీషాతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపినందుకు ఔరంగజేబు తన కుమారుడు షా ఆలంనే ఖైదు చేశాడు.

మొగలు సైన్యం 1685లో హైదరాబాదును ఆక్రమించింది. అక్కన్న మాదన్నలు 1686లో గోల్కొండ వీధులలోనే హత్యకు గురయ్యారు. అదే సంవత్సరం, బాకీల తగాదాతో డచ్చివారు మచిలీపట్నాన్ని కొంతకాలం పట్టుకున్నారు. సుమారు ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687 సెప్టెంబరు 21న లంచం తిన్న ఒక సేనాని తలుపు తెరవడంతో కోట మొగలుల వశమైంది. తానీషాను దౌలతాబాదు కోటకు తరలించి, సంవత్సరానికి 50,000 రూపాయల భరణం ఏర్పాటు చేశారు. అక్కడే బందీగా మరణించిన అతనిని ఖుల్దాబాదులో ఖననం చేశారు. గోల్కొండను ఏలిన వయోజన సుల్తానులలో సొంత రాజధాని పక్కనున్న వంశ సమాధులలో చోటు దక్కనిది ఇతనికి ఒక్కనికే.